సగం మాడు నాది

అత్తా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. పొద్దున్నే పనికి పోయేదాన్ని, పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేక ఈరోజు బ్రూస్‌పేటలో కరెంటు కుక్కర్ కొన్నాను. కొత్త కుండనైనా నువ్వు తట్టి చూడందే కొనేదానివి కాదు కదా, నేనూ ఇంటి నుంచి నాలుగు గుప్పిళ్ల సోనా బియ్యం పట్టుకుపోయాను.

"యాడన్నా అంగట్లో అన్నం వండి చూపిస్తారామ్మా?" అన్నాడు అంగడాయన.

"చూపియ్యకుంటే పక్కంగడికి పోతానప్పా," అన్నాను.

రెండు కుక్కర్లలో వండాడు. ఖరీదైనదాంట్లో అన్నం పొడిపొడిగా వచ్చింది, ఒక్క మెతుకు అంటలేదు. చవకదాంట్లో అడుగున ఎర్రగా మాడు పట్టింది.

"అందుకే చెప్తాండా, ఇది వద్దమ్మా. కోటింగ్ ఉండేది తీసుకో," అన్నాడు.

ఆ మాడు చూడగానే నువ్వు గుర్తొచ్చావు. "మీరు తెల్లన్నం తినండి, మాడు నాకెయ్యి," అని గిన్నె లాక్కునేదానివి. మా కోసమే మాడు తింటున్నావని ఇరవై ఏళ్లు బాధపడ్డాను. గరిటెతో గీకి కొంచెం నోట్లో వేసుకున్నాను. కరకరలాడుతూ, వేయించిన శెనక్కాయల్లా కమ్మగా ఉంది. ఎంత జాణవత్తా నువ్వు!

"ఇదే కట్టియ్యప్పా," అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

రేపు నీకు పెట్టే విస్తరిలో పాయసం పక్కన మాడు కూడా పెడతాను. అయితే సగమే. మిగతా సగం నాది.