పేపరు మీద నీ పేరు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన దీవికి స్వాతంత్ర్యం, సొంత జెండా వచ్చాయి. పేపరు నిండా అదే. నువ్వుంటే అక్షరం వదలకుండా చదివేవాడివి.

నువ్వు కట్టిన చందా అయిపోయిందని అమ్మా నేనూ బస్సులో మహేబోర్గ్ ఊళ్లోని పేపరు కొట్టుకి వెళ్లాం. యుద్ధంలో పనిచేసినందుకు నీకిచ్చిన పటాలం పుస్తకం చూపిస్తే పేపరు సగం ధరకే ఇచ్చేవారు కదా. "ఈజిప్టు ఎండలో రోడ్లేసినందుకు నాకు మిగిలింది ఇదే" అని నవ్వేవాడివి.

"ఆయన రాలేదేం?" అన్నాడు కొట్టాయన. చెప్పాను. పాపం, చందా పుస్తకం తీసి నీ పేరున్న పేజీ తెరిచాడు. తర్వాత, "సైనికుడి భార్యకీ సగం ధరే అమ్మా. మీ అమ్మ పేరుకి మారుస్తాను" అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "పూర్తి ధర కడతాను. ఇంటికొచ్చే పేపరు పైన ఆయన పేరే రాయండి" అంది.

నాకు ఒళ్లు మండింది. నువ్వైనా తిట్టేవాడివి. అమ్మకి చదువు రాదు, రోజూ చదివి వినిపించేది నేనే. పేరు ఎవరిదైతేనేం అని బస్సులో అడిగాను.

అమ్మ కిటికీలోంచి చెరుకుతోటలు చూస్తూ అంది: "పేపరు మొత్తంలో నేను గుర్తుపట్టేది ఆ ఒక్క పేరే."