మన లారీకి సరిపడే ఆయిల్

శాలిబండ, బుధవారం

బాపూ, నేను, లారీ ఇద్దరం మంచిగనే ఉన్నం, ఫికర్ చెయ్యకు. నీకు ఫోన్ల వినవస్తలేదని కార్డు రాస్తున్న.

నిన్న కందిపప్పు లోడుతోని వస్తుంటే చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ మీద ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు వెలిగింది. అక్కడికక్కడే ఇంజన్ బంద్ చేసిన. వెనుక బండ్లోళ్లు మస్తు లొల్లి చేసిండ్రు. క్రేన్‌తోని గుంజిపిచ్చి, ఇక్కడి మెకానిక్ రషీద్ చాచాకు చూపిచ్చిన. చూస్తే ఆయిల్ నిండుగనే ఉంది. తప్పు నాదే బాపూ. పోయిన నెల దుకాణపాయన మంచిదంటే కొత్త బండ్లకు పోసే పల్చటి ఆయిల్ పోయించిన.

"పాత ఇంజన్ బేటా, లోపల అరిగి సందులు పెరిగినయి. వేడెక్కితే పల్చటిది నిలువదు" అన్నడు చాచా. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే సంపు ఇప్పి చూసిండు. బేరింగులు ఖరాబ్ కాలేదన్నడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

"ఇంకో మైలు నడిపితే ఇంజన్ పట్టేసేది. వెంటనే బంద్ చెయ్యాలెనని ఎవరు నేర్పిండ్రు?" అన్నడు. "మా బాపు" అన్న. నీకు సలాం చెప్పమన్నడు.

పదిహేను-నలభై నంబరు చిక్కటి ఆయిల్ పోసినంక గేజుల ప్రెషర్ సరిగ్గొచ్చింది. ఇన్నేండ్లు నువ్వు పోసింది గదేనా? తమ్మునితోని మెసేజ్ పెట్టియ్యి. చెవుల డాక్టర్ దగ్గరికి పోయినవా? అమ్మ మోకాలు ఎట్లుంది?

శనివారం వస్త. పల్చటి ఆయిల్ పోసినందుకు గట్టిగ తిట్టు. చెవులు వినరాకుండ అయినకాడికెంచి నువ్వు మాట్లాడుడే తక్కువ చేసినవు. తిట్లయినా సరే, నీ గొంతు వినాలె నేను.

అమ్మకు దండాలు.

నీ అనూహ్య