కాలిస్తే తుక్కు, అతికిస్తే దొంగసొత్తు

అటవీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కోత మిల్లు తుక్కుతో అతుకు పలకలు చేసుకొను నా భర్తపై మోపిన దొంగతనం కేసు రద్దు చేయించుట గురించి.

1. నా భర్త కోత మిల్లులో రంపం మేస్త్రీగా చేసి, రంపపు పొట్టుకు ఊపిరితిత్తులు చెడి పని మానుకొన్నవాడు. సదరు మిల్లు వెనుక టేకు, ఇతర గట్టి కలపల అంచులు, ముక్కలు గుట్టపోసి తగలబెట్టెడివారు. ఆ పొగ నేరుగా మా ఇంట్లోకే. దగ్గలేక ఆయనే వెళ్లి యజమానిని అడిగినాడు. "పట్టుకుపోరా, నాకు కాల్చే బాధ తప్పుతుంది" అని యజమాని నవ్వినాడు. అప్పుడు గంప పట్టుకొని నేను పక్కనే ఉన్నాను.

2. ఆ ముక్కలను ఆరబెట్టి, పట్టీలుగా కోసి, చిత్రిక పట్టి, జిగురు రాసి, క్లాంపుల్లో బిగించి పలకలు చేసితిమి. గట్టి కలపలో నూనె ఉంటుంది, జిగురును ఓ పట్టాన పట్టనివ్వదు. చిత్రిక పట్టిన వెంటనే అతికించాలని తెలిసేలోగా మా కష్టం సగం పొయ్యిలోకే పోయింది. తర్వాత కుదిరింది. వడ్రంగులు తలుపులకు, బల్లలకు మా పలకలే కావాలని ఇంటికి రాసాగారు. ఆ మాట యజమాని చెవిన కూడా పడింది.

3. అంతట తమ సిబ్బంది వచ్చి, ఈ కలప ఏ అడవిదో కాగితం చూపమన్నారు. ఒక్కో పలకలో పది చెట్ల ముక్కలుంటే ఏ చెట్టు పుట్టుపూర్వోత్తరాలని చెప్పేది? యజమానిని పిలిపించగా, నా భర్త ముఖం చూడకుండానే, "నేనివ్వలేదండీ, ఎత్తుకెళ్లి ఉంటాడు" అన్నాడు. అయ్యా, తగలబెట్టినన్నాళ్లూ ఆ గుట్ట ఏ అడవిదని అడిగిన నాథుడు లేడు. బూడిదకు పర్మిట్ అక్కర్లేదు కాబోలు!

4. పలకలు, క్లాంపులు జప్తు చేసి వేలం వేసినారు. పాడుకొన్నది సదరు యజమానియే. ఇప్పుడు మిల్లు వెనుక కొత్త రేకుల షెడ్డు లేచినది. అక్కడి పలకలు ఏ అడవివని ఎవరూ అడుగుట లేదు. అయితే అతుకులు ఊడిపోతున్నాయట. రమ్మని నా భర్తకు కబురంపినాడు.

5. ఆయన వెళ్లినాడు. "దొంగ అన్నవాడి దగ్గరికేనా? సిగ్గు లేదూ?" అని అరిచాను.

"మంచి చెక్కే, పాడైపోతోంది" అన్నాడు.

ఇప్పుడు ఆ షెడ్డులోనే పని. బయటికొచ్చేటప్పుడల్లా కావలివాడు మిగతావాళ్లను వదిలేసి ఆయన ఒక్కడి సంచీ తడుముతాడు. ఆయన చేతులెత్తి నిలబడతాడు. నేను అన్నం తీసుకెళ్లిన రోజున కళ్లారా చూశాను.

పలకలు తిరిగి ఇప్పించమని నేను కోరుట లేదు. ఆ చేతులు దింపించండి చాలు. కావున విచారించి, ఆయనపై పడిన దొంగ అను మాట కొట్టివేయించవలసినదిగా వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రంపం మేస్త్రీ భార్య

తా.క.: విచారణకు ఎవరినైనా పంపేట్టయితే ఇంటికే పంపండి. షెడ్డు దగ్గరికి మాత్రం వద్దు, ఉన్న పనీ ఊడుతుంది. ఈ అర్జీ సంగతి మా ఆయనకు తెలియదు. మా ఇంట్లో దొంగచాటుగా జరిగిన పని ఇదొక్కటే.