గ్రాఫైట్ కడ్డీ పెట్టిన రోజు

మంగళవారం, బాంబూఫ్లాట్, అండమాన్

ఇవాళ ల్యాబ్‌లో కొత్త పొర తీసుకుని, ఎదురుగా ప్లాటినం తీగకు బదులు గ్రాఫైట్ కడ్డీ పెట్టి చూస్తే బుడగలు దాదాపు రాలేదు. అంటే ఈ నెలంతా నీళ్ళలోంచి హైడ్రోజన్ తీసింది నేను చేసిన కార్బైడ్ పొర కాదు. ఎదురుగా ఉన్న ఆ తీగే కొంచెం కొంచెం కరిగి నా పొరకు అంటుకుని ఆ పని చేసింది. ప్లాటినం అక్కర్లేదని చూపించడానికే కదా ఈ పొర చేసింది! తీగ మార్చి చూడమని సీనియర్ సుజాత దీదీ మొదటి వారమే చెప్పింది. అంకెలు బాగా వస్తున్నాయని నేనే వాయిదా వేశాను.

ఫెర్రీలో నాన్న కనిపించాడు, పవర్‌హౌస్ డ్యూటీ దిగి వస్తూ. పక్కాయనతో, "మా పాప ఇదే భయ్యా. సముద్రం నీళ్ళతో కరెంట్ తీస్తాది. మా డీజిల్ ఇంజన్లు ఇంక బందే, దేఖ్ లేనా, చూస్తా ఉండు" అన్నాడు. నేను నవ్వాను.

ఇంటికొచ్చాక రెండుసార్లు సబ్బు రుద్దినా ఆయన చేతుల డీజిల్ వాసన పోలేదు. "పోన్లే, ఇంకెన్నాళ్ళు" అని నా వైపు చూశాడు.

ఇవాళ్టి కొలతలు ల్యాబ్ నోట్‌బుక్‌లో ఎక్కించలేదు. ఎవరూ చదవరు కాబట్టి ఈ డైరీలో రాస్తున్నాను.