ఇంజన్ మీది ఇత్తడి గిన్నె

తాండూరు, గురువారం

యాలాల్‌ల మా బాయికాడ నాయిన ఆయిల్ ఇంజన్ నడిపిన ఒక పొద్దు ఇయ్యాల కండ్ల ముందు నిలబడ్డది. కాళ్లు చేతులు కడుక్కున్నడు. ఇంజన్ నెత్తి మీది ఇత్తడి గిన్నెల నీళ్లు పోసి, దండం పెట్టి, చక్రం తిప్పిండు. నేనది అభిషేకం అనుకున్న. నాయిన పోయినంక ఆ గిన్నె ఊడదీసి దేవునర్రల పెట్టుకున్న. దాని అడుగున చిన్న నల్లా ఉన్నది. అది తిప్పి చుక్క చుక్కగ తీర్థం ఇస్తుంట.

ఇయ్యాల తమ్ముడు మల్లేశ్ వచ్చిండు. "ఇంజన్‌ను రేపు పాత ఇనుముల ఏస్తున్న అక్కా. నాయిన పోయినకాంచి వేడెక్కి ఒకటే కొట్టుకుంటున్నది, అది సచ్చినట్టే" అన్నడు.

వాని ఎంట వచ్చిన బిడ్డ స్వప్న వికారాబాద్‌ల ఇంజనీరింగ్ చదువుతది. తీర్థం పడుతుంటె గిన్నె అడుగు నల్లా చూసి దాని చెయ్యి ఆగింది.

"అత్తా, గిది ఇంజన్ పార్టు! దీంట్లకెల్లి లోపల నీటి చుక్క పడితెనే అది సల్లబడేది. గిదే ఉపాయం ఇప్పటి ఇంజన్లకు కొత్తదని మా సార్లు చెప్తున్నరు."

"అయితె దాన్ని సంపింది మా అక్కనేనా?" అని మల్లేశ్ నవ్విండు.

నాకు నవ్వు రాలే. నాయిన చెప్పలే, నేను అడగలే. ఇన్నేండ్లు అది నీళ్ల దూపకు కొట్టుకున్నదా...

సాయంత్రం అందరం కూసోని ఒక్కమాట అనుకున్నం. ఇంజన్ అమ్మేది లేదు. ఆదివారం బిగించనీకి గిన్నెను మల్లేశ్ ఇయ్యాలనే పట్టుకపోయిండు. మొదటి నీళ్లు నన్నే పొయ్యమన్నరు.

రేపటి తీర్థానికి స్టీలు గ్లాసు కడిగి పెట్టిన.