మూడో మెషీన్ రీడింగ్

మార్చి 4, సోమవారం

అల్యూమినియం పనికి కొత్త యాడిటివ్ డ్రమ్ము వచ్చింది. మెషీన్ల దగ్గర అందరూ దాన్ని జారుడు మందు అంటారు. అల్యూమినియం మెత్తనిది, వేడెక్కితే డ్రిల్లుకు అతుక్కుంటుంది. ఆ రెంటి మధ్యా జారుడు ఉంచడమే దీని పని. రేపు మూడో మెషీన్ ట్యాంకు ఖాళీ చేసి, నీళ్లలో నూనె, ఈ మందు పోసి, డ్రిల్లును చల్లబరిచే కొత్త కూలెంట్ కలపాలి. ఆ మెషీన్ మా బావది, అక్క భర్త. రోజూ ప్రతి ట్యాంకులోంచి చుక్క తీసి పరీక్షించేది నేనే కాబట్టి నన్ను ట్యాంకు డాక్టరమ్మా అంటాడు. రోజుకో చుక్క నెత్తురు తీస్తావు, రోగమేంటో మాత్రం చెప్పవని ఈరోజు కూడా ఏడిపించాడు.

మార్చి 5

బావ కుడి కన్ను పోయింది.

మార్చి 9

అక్క ఆసుపత్రి వరండాలో కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తుంది, మళ్లీ పెడుతుంది. డ్రిల్లు విరిగి ముక్క ఎగిరిందట. డ్రిల్లుకు అల్యూమినియం పొట్టు ఎందుకు అతుక్కుంటోందో చూద్దామని మెషీన్ ఆపకుండానే తలుపు తీసి, రక్షణ కళ్లజోడు పైకి తోసి వంగాడట. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు అలా ఎందుకు చేశాడని అందరూ అడుగుతున్నారు. నేను అడగలేదు.

మార్చి 14

విచారణ. సూపర్‌వైజర్ నా రిజిస్టర్ తెరిచాడు. మార్చి 5, మూడో మెషీన్, రీడింగ్ 8. ఎనిమిదంటే కూలెంట్ బాగున్నట్టే కదా అన్నాడు. అవునన్నాను. స్పీడు తానే పెంచానని, తప్పంతా తనదేనని బావ ఆసుపత్రి నుంచి చెప్పి పంపాడట. ఇంక బావని మెషీన్ ముట్టుకోనివ్వరు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మార్చి 21, ఉదయం 8

రీడింగ్ చూసే గొట్టం చివరి గాజు మీద కూలెంట్ చుక్క వేసి, ఒక కన్ను మూసి, గొట్టంలోంచి వెలుతురు వైపు చూడాలి. పైన నీలం, కింద తెలుపు, మధ్య గీత. గీత దగ్గరున్న అంకే రీడింగ్. వారం నుంచి ఏ మెషీన్ చుక్క వేసినా నాకు గీత మసకగానే ఉంటోంది. క్వాలిటీ తనిఖీ చేసే ఆయన చూసి, ఇంత స్పష్టంగా ఉంటే కనపడదంటావేంటన్నాడు.

నేను మూసేది ఎప్పుడూ కుడి కన్నే.

మార్చి 22

రాసేస్తాను. ఇక్కడైనా.

ముందు నీళ్లు, తర్వాత నూనె. గోడ మీద ఆ మాట పెయింటుతో రాసింది నేనే. ఆ రోజు నేను కలపకముందే షిఫ్టు మొదలయ్యే బెల్ కొట్టేశారు. తొందరలో ముందు నూనె పోసేసి, దాని మీద నీళ్ల పైపు వదిలాను. అలా పోస్తే కలవదు. నూనె మీగడ కట్టి తేలుతుంది, పంపు అడుగు నుంచి ఉత్త నీళ్లు లాగుతుంది. తర్వాత సరిచేద్దామనుకున్నాను. గొట్టం జేబులోంచి తియ్యనేలేదు. రోజూ ఎనిమిదే కదా అని ఎనిమిది రాశాను. బావ వచ్చి అంతా ఓకేనా డాక్టరమ్మా అన్నాడు. ఓకే అన్నాను.

మార్చి 26

ఆ ట్యాంకు ఇప్పటికి రెండుసార్లు కడిగించాను. పొద్దున మూత ఎత్తితే మళ్లీ మీగడ. పక్క మెషీన్ ఆవిడని పిలిచాను. ఎక్కడ, శుభ్రంగానే ఉందిగా అంది. ఆవిడ వెళ్లాక వేలు ముంచి చూశాను. వేలికి ఏమీ అంటలేదు. మీగడ అలాగే ఉంది.

మార్చి 30

బావ ఇంటికొచ్చాడు. అక్క టీ పెట్టడానికి లోపలికెళ్లగానే చెప్పేశాను. ఏడ్చాను. బావ మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి అంగుళం పక్కన పడింది. మళ్లీ చాచాడు.

తెలుసన్నాడు. డ్రిల్లు కీచుమంటుంటే ట్యాంకు మూత ఎత్తి చూశాడట. మెషీన్ ఆపితే ఎందుకు ఆపావని తనను అడుగుతారు, నేను చేసింది బయటపడి నా ఉద్యోగం పోతుంది. మెషీన్ మీదున్న ఆ ఒక్క అల్యూమినియం ముక్కా ఎలాగోలా లాగించి నాతో చెప్దామనుకున్నాడట. పోయిన కన్ను ఎలాగూ రాదు, నోరు మూసుకుని నీ పని చూసుకో అన్నాడు. నాకు కోపం వచ్చింది. చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది.

అక్క టీ తెచ్చింది. పంచదార సరిపోయిందా అని ముందు నన్నే అడిగింది.

ఏప్రిల్ 1

రిజిస్టర్‌లో మార్చి 5 పేజీ తీశాను. 8 కొట్టేసి, పక్కన 'చూడలేదు' అని రాసి, సంతకం పెట్టాను. సూపర్‌వైజర్ టేబుల్ మీద తెరిచే ఉంచాను.

వెళ్లి మూడో మెషీన్ చుక్క వేసి చూశాను. గీత స్పష్టంగా ఉంది.

సాయంత్రమైంది. గొట్టంలో చూడ్డానికి మూసిన నా కుడి కన్ను ఇంకా తెరుచుకోలేదు.