స్టీరింగ్ పక్కన గేరు

మల్లన్నా,

ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ సంగతి చెప్పుకోవడానికి ఈ అల్ ఐన్ ఎడారిలో నాకింకెవరున్నారు? నువ్వు నాకు డ్రైవింగ్ నేర్పిన అమెరికా పికప్‌ను పొద్దున తుక్కు కింద ఎత్తుకుపోయారు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, గేర్‌బాక్స్ సామాను దొరకలేదు. మన తోట యజమాని, అర్బాబ్, బానెట్ మీద చెయ్యి వేసి, "ఖలాస్" అన్నాడు.

ఎనిమిది సిలిండర్ల ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు, మధ్యలో అడ్డం లేని ఒకే పొడుగు సీటు. కరోనా అప్పుడు నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, ఆ సీటు మీదే పడుకుని నా తొడ మీద తల పెట్టుకున్నావు. ఆ దగ్గులో కూడా, "ఇసుకల మెల్లగ తొక్కురా, ఇంజన్ గరమైతది" అన్నావు. అక్కడి నుంచి నువ్వు తిరిగి రాలేదు.

కొత్త జపాన్ బండిలో సీట్లు వేరువేరు, గేరు వాటి మధ్య. ఖర్జూరాలు ఎక్కించుకుని బయల్దేరబోతూ, అలవాటుగా స్టీరింగ్ పక్కన కాడను కిందికి లాగాను. ఎర్రటి ఎండలో, పొడి అద్దం మీద వైపర్లు ఆడసాగాయి.

"బారిష్ కహా హై, భాయ్?" అని, వానెక్కడుందంటూ పక్క సీట్లోని బంగాలీ నవ్వాడు.

నువ్వయితే నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడివి. దాని కోసమే అన్నట్టు, వైపర్లు ఆపకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.